ఇంజనుగారి ప్రొబేషన్

ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో నేను సొంతంగా తీసుకున్న నిర్ణయాలు రెండే. ఒకటి, వానాకాలంలో నా టేబులును పైకప్పు కారే చోటు నుంచి రెండడుగులు పక్కకు జరుపుకోవడం. రెండోది ఇంజను సంగతి. మొదటిదానికి సంజాయిషీ అడిగారు. రెండోదానికి మెచ్చుకున్నారు. మా డిపార్ట్‌మెంటులో ఏ పని తెలివైనదో, ఏది కాదో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

గెడ్డపాలెం జలాశయం ఒడ్డున మా జలవిహార కేంద్రం ఉంది. నేను అందులో సూపరింటెండెంటును. మండపాక వెంకటరత్నం అని బోర్డు మీద రాసి ఉంటుంది. నాకు ఈత రాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు టైపు వచ్చా అని అడిగారు గానీ ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు. మాకు తొక్కుడు పడవలు ఎనిమిది, ఒక వాటర్ స్కూటరు ఉన్నాయి. నీళ్ళ మీద మోటారు సైకిల్ లాగా పరుగెత్తే బండి అది. పడవల్లోంచి ఎవరైనా నీళ్ళలో పడితే దూసుకెళ్ళి పట్టుకురావడానికని కొన్నారు.

దాన్ని నడిపేవాడు నూకరాజు. జాలరివాడు, నీళ్ళలోనే పుట్టాడా అన్నట్టు ఉంటాడు. పదహారేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఈ ఇంజను సంగతి జరిగిన ఏడాది ప్రభుత్వానికి దయ కలిగి, పదేళ్ళు దాటిన కాంట్రాక్టు వాళ్ళను పర్మనెంటు చేస్తామంది. దానికి డిసెంబరు ఆఖరులోగా ఆఫీసు సూపరింటెండెంటు, అంటే నేను, 'ఇతని మీద ఆరోపణలు లేవు' అని సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక మెమో ఉంటే హెచ్చరిక కింద పోతుంది. రెండో మెమో పడితే పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

"నాకు మెమో ఏల పడతాదండి బాబూ, మీరుండగా?" అన్నాడు నూకరాజు. పాపం, అంత నమ్మకం.

ఆ స్కూటరు పాత ఇంజను కాలిపోవడానికి కారణం కూడా నేనే. కొన్న మొదటి రోజునే ఒక పెద్దమనిషిగారి బావమరిది వచ్చి, దాన్ని రెండు గంటలపాటు పూర్తి వేగంతో తిప్పాడు. వద్దని చెప్పాల్సిన బాధ్యత నాది. ఆ రెండు గంటలూ నేను ఆయన చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. ఇంజను పోయింది. చెప్పులు మాత్రం భద్రంగా అప్పగించాను.

మూడేళ్ళ తర్వాత కొత్త ఇంజను మంజూరైంది. విశాఖపట్నం నుంచి యాకూబ్ అనే మెకానిక్ వచ్చి బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, "సార్, కొత్త ఇంజను. మొదటి పది గంటలు చూసి నడపాలి. ఎలా నడపాలో ఈ పుస్తకంలో ఉంది. చదివి నడపండి, నూరేళ్ళు బతుకుద్ది" అన్నాడు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అసలు ప్రతిని మా ఆఫీసులో ఉంచుకోకూడదు కనక ఫైలుకు జతచేసి డివిజనల్ ఆఫీసుకు పంపి, సంబంధిత కాగితాన్ని మాత్రం జిరాక్సు తీయించాను. మా ఆఫీసులో జిరాక్సు అంటే ఒకవైపే. రెండోవైపు కూడా తీయాలంటే కాగితం రెండోవైపు ఏదో ఉందని ముందు ఎవరికైనా తోచాలి. ఆ పేజీలో ఇలా ఉంది: మొదట పావు థ్రాటిల్‌తో, అంటే వేగం పిడిని పావు వంతే తిప్పి, నడపాలి. ఎక్కువసేపు ఒకే వేగంలో ఉంచరాదు. అయితే. అంతే, ఆ 'అయితే'తో పేజీ ముగిసింది. మా ఆఫీసు ఉత్తర్వులు చాలావరకు అలాగే ముగుస్తాయి కనక నాకు ఏ అనుమానమూ రాలేదు.

అప్పుడే నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. కొత్తగా చేరినవాణ్ణి కొంతకాలం కనిపెట్టి చూడటాన్ని మనం ఏమంటాం? ప్రొబేషన్ అంటాం. ప్రొబేషన్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంజన్ల గురించి నాకేమీ తెలియదు గానీ, ప్రొబేషన్ రూల్సు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజే సర్క్యులరు రాశాను. ఇంజను పేర సర్వీసు రిజిస్టరు తెరిచాను. పుట్టినతేదీ దగ్గర ఫ్యాక్టరీ తేదీ వేశాను. పుట్టుమచ్చల దగ్గర కాసేపు ఆలోచించి, ఎడమవైపు గీత ఒకటి కనిపిస్తే రాశాను. మాతృభాష గడి ఖాళీగా వదిలేశాను.

నూకరాజు ఆ రిజిస్టరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది దీనిదేనండీ?"

"ఆ."

"వారం కాలేదు వచ్చి. పదారేళ్ళయినాది, నాకు నేదు కదండి బాబూ!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వాల్సింది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

డివిజనల్ మేనేజరు కమలాకరంగారు నా సర్క్యులరు చూసి పరవశించిపోయారు. స్వయంగా ఫోను చేశారు.

"రత్నంగారూ, యంత్ర పరికరముల సేవా క్రమబద్ధీకరణ దిశగా ఇది ఒక మైలురాయి. అయితే ప్రొబేషన్ కాలం బాధ్యతగల అధికారి ప్రత్యక్ష పర్యవేక్షణలో గడిస్తేనే చెల్లుబాటు. ఒడ్డు నుంచి చూడటం ప్రత్యక్షం కాదు. అది పరోక్షం."

దాంతో పర్యవేక్షణ కోసం నేను జలాశయం నడుమకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ హద్దు గుర్తుగా లంగరు వేసిన ఒక పీపా తేలుతూ ఉంటుంది. ఒక తొక్కుడు పడవను దానికి తాడుతో కట్టి, అందులో గొడుగు, ఫైలు, మంచినీళ్ళ సీసా, ఒక ఈలతో కూర్చునేవాణ్ణి. లైఫ్ జాకెట్లు స్టాకు తనిఖీ నిమిత్తం బీరువాలో పెట్టి సీలు వేశారు. నూకరాజు నా చుట్టూ పావు థ్రాటిల్‌తో తిరిగేవాడు. ఒకే వేగంలో ఉంచరాదు కనక ఐదేసి నిమిషాలకు నేను ఈల వేసేవాణ్ణి. అతను కాస్త తగ్గించేవాడు. మళ్ళీ ఈల. మళ్ళీ పావుకు వచ్చేవాడు. వేగం మారిన ప్రతిసారీ దాన్ని బదిలీగా రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. అరగంట నడిపాక ఇంజనుకు అరగంట విశ్రాంతి. ఆదివారాలు, రెండో శనివారాలు, పండుగలు లెక్కలోకి రావు. నాకు జలుబు చేసిన రోజులు కూడా రావు. ఈ పద్ధతిలో పది గంటల్లో మొదటి మూడు గంటలు పూర్తి కావడానికి రెండు నెలలు పట్టింది.

ఒడ్డున బజ్జీలమ్ముకునే సన్యాసమ్మ ఒకరోజు నూకరాజును అడిగింది. "ఏట్రా నూకా, ఆ సూపర్నెంటుగోరి సుట్టూరా రోజూ అలాగ తిరుగుతన్నావు? మొక్కుకున్నావేటి?"

నాలుగో గంటలో కమలాకరంగారు తనిఖీకి వచ్చారు. మెట్ల మీద నిలబడి ప్రసంగిస్తుండగా గాలికి ఆయన టోపీ ఎగిరి నీళ్ళలో పడి, కొట్టుకుపోసాగింది. "పట్టుకో! పట్టుకో!" అని ఆయన కేక పెట్టారు. నూకరాజు థ్రాటిల్ సగానికి తిప్పి, చిటికెలో టోపీ తెచ్చి చేతికిచ్చాడు. ఆయన దాన్ని పిండి, నెత్తిన పెట్టుకుని, కళ్ళ మీదికి నీళ్ళు కారుతుండగా అడిగారు.

"ఇందాక వేగం ఎంత?"

"సగమండి బాబూ. మీరు పట్టుకో అన్నారని."

"పట్టుకోమనుట వేరు, నిబంధన వేరు. రత్నంగారూ, తగు చర్య తీసుకొనవలెను."

నేను తీసుకున్నాను. 'పై అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు లేకుండా నోటిమాట ఆధారంగా వేగము పెంచినందున' అని మెమో రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, మా ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. నూకరాజు దాన్ని తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

"ఒక్కటేలే నూకరాజూ, హెచ్చరిక కింద పోతుంది" అన్నాను.

"రెండోది పడితే?"

"పడకుండా చూసుకో. నేను రాసిస్తే తప్ప పావు దాటించకు. దేవుడు దిగొచ్చి చెప్పినా దాటించకు."

"అలాగేనండి" అన్నాడు.

నవంబరు ఆఖరుకు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు పూర్తయ్యాయి. ఆ రోజు మిగతా నలభై నిమిషాలు కూడా అయిపోతాయని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, నా పీపా దగ్గర కూర్చున్నాను. ఇంజనుకు విశ్రాంతి వేళ. నూకరాజు ఒడ్డున మెట్ల దగ్గర బండి మీద కూర్చుని ఉన్నాడు. పై కొండల్లో రెండు రోజులుగా వాన. హఠాత్తుగా ఆనకట్ట వైపు సైరను మోగింది. గేట్లు ఎత్తుతున్నారు.

నీళ్ళు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. తరవాత మెల్లగా కాదు. పీపాకు కట్టిన తాడు బిగుసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, తెగింది. ఆ తాడు కూడా స్టాకు రిజిస్టరులో 'పనికిరానిది' అని నేనే రాసిన తాడు. గబగబా తొక్కాను. పెడలు గొలుసు ఊడిపోయింది. నా పడవ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేసి, గేట్ల వైపు తిరిగి, బయలుదేరింది. గేట్ల కింద నీళ్ళు పడుతున్న హోరు అక్కడికే వినిపిస్తోంది. గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు, ఏడ్చాను.

"నూకరాజూ!" అని అరిచాను.

నేను పిలవకముందే అతను బయలుదేరాడు. వస్తున్నాడు. పావు థ్రాటిల్‌తో వస్తున్నాడు. ఆ వేగం ఎంతో నాకు అంతవరకు తెలియదు. నాలుగు నెలలు చూశాను, రాశాను, సంతకాలు చేశాను, కానీ ఆ బండి నన్ను కాపాడటానికి వస్తుంటే ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. పెళ్ళి ఊరేగింపు వస్తున్నట్టు వస్తోంది. అతను దగ్గరవుతున్నకొద్దీ నేను దూరమవుతున్నాను.

"బాబూ! పావుతోటి అందనేను! పూర్తి ఇమ్మంటారా?"

"ఇయ్యి! ఇయ్యి!"

"నోటిమాట సెల్లదన్నారు కదండీ! రాసిత్తారా? ఇంకొక్కటి పడితే నా బతుకు పోతాది బాబూ!"

నా బతుకు పోతోందని అరవబోయాను. కానీ అతను అన్నదాంట్లో తప్పేముంది? ఆ రూలు నాది. అక్షరం అక్షరం నాది. వెంటనే ఫైలు తెరిచి, ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, సీసాలో నీళ్ళు పారబోసి, కాగితం చుట్టి అందులో దూర్చి, మూత బిగించి అతని వైపు విసిరాను. నేను ఏనాడూ ఏదీ విసిరినవాణ్ణి కాను. సీసా పది గజాల్లో పడింది. గాలి దాన్ని అటువైపు రెల్లు దుబ్బుల్లోకి తోసుకుపోయింది.

నూకరాజు సీసా వైపు చూశాడు. నా వైపు చూశాడు. అతను ఎంతసేపు చూశాడో చెప్పలేను. నాకు మాత్రం పదహారేళ్ళు చూసినట్టనిపించింది. తరవాత పిడికిలి తిప్పాడు.

ఆ ఇంజను గొంతు నేను మొదటిసారి విన్నాను. బండి ముక్కు పైకి లేచింది. నీళ్ళు రెండు పాయలుగా చీలాయి. నేను ఒకటి, రెండు, మూడు అనుకునేలోగా నూకరాజు చెయ్యి నా ఇస్త్రీ చొక్కా కాలరును పట్టుకుంది. నన్ను మేకపిల్లను వేసుకున్నట్టు వెనక వేసుకుని తిప్పాడు. మేం ఒడ్డెక్కేసరికి నా పడవ గేటులోంచి కిందికి దూకింది. ముక్కలైన చప్పుడు వినిపించింది. సన్యాసమ్మ తన కొంగుతో నా తల తుడిచింది.

మూడు రోజులకు విచారణ పెట్టారు. కొత్త ఇంజన్లలో ఎప్పుడు ఎంత వేగంతో నడిచిందో లోపలే నమోదవుతుందట. యాకూబ్‌ను పిలిపించి ఆ లెక్క తీయించారు. నలభై సెకన్లు పూర్తి థ్రాటిల్.

"సిబ్బంది ప్రాణరక్షణ అభినందనీయం" అన్నారు కమలాకరంగారు. "అయినప్పటికీ ప్రొబేషన్‌లో ఉన్న ఇంజనుపై పూర్తి ఒత్తిడి తేవడం తీవ్రమైన ఉల్లంఘన. రెండోసారి. ఇంజనుకు కలిగిన నష్టం ఎంత, యాకూబ్?"

"నష్టమా? బెమ్మాండంగా ఉంది సార్. నాలుగు నెలలుగా పావులో ఈడ్చారు కదా, కార్బన్ పట్టి దగ్గుతా ఉండాల్సింది. ఈ నలభై సెకన్లే దాన్ని బతికించాయి. మధ్యమధ్యలో కొద్ది క్షణాలు పూర్తిగా తిప్పి వదలాలని పుస్తకంలో లేదా?"

నేను నా జిరాక్సు తీసి చూపించాను. యాకూబ్ దాన్ని చూసి, తిప్పి, తెల్లగా ఉన్న వెనకవైపు చూశాడు.

"రెండో పేజీ ఏదీ సార్?"

కమలాకరంగారి బీరువాలోంచి అసలు పుస్తకం తీశారు. కట్టిన తాడు కూడా విప్పలేదు. 'అయితే' వెనకవైపు కొనసాగింది: అయితే మధ్యమధ్యలో కొద్ది క్షణాలు పూర్తి థ్రాటిల్ ఇవ్వాలి. అలా ఇస్తేనే ఇంజను కుదురుకుంటుంది. అంటే నూకరాజు రెండుసార్లూ వేగం పెంచడమే సరైన పని. మిగతా తొమ్మిది గంటల ఇరవై నిమిషాలూ ఇంజనును పాడు చేసింది నేను.

"పుస్తకంలో ఉండవచ్చు" అన్నారు కమలాకరంగారు, ఏమాత్రం తొణకకుండా. "మన సర్క్యులరులో లేదు కదా. లిఖిత ఉత్తర్వు ఉందా లేదా అన్నదే ప్రశ్న."

"ఉంది సార్! సీసాలో ఉంది. నేనే రాశాను" అన్నాను. ఆ క్షణంలో నా గొంతు ఖంగుమంది. ఒక మనిషి బతుకు నిలబెట్టే కాగితం నేను రాశానన్న గర్వం అది.

సీసా కోసం అయిదు రోజులు వెతికించారు. అదే బండి మీద, పావు థ్రాటిల్‌తో. పీపా దగ్గర నేను లేను కనక ఈ గంటలు లెక్కలోకి రావు, ఇంజను ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు మరి. ఆరో రోజు నూకరాజే రెల్లు దుబ్బుల్లోంచి దాన్ని తీసుకొచ్చాడు. మూత విప్పలేదు. రెండు చేతులతో పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఇదిగోనండి బాబూ, నా ఉజ్జోగం" అన్నాడు.

అందరి ముందూ మూత తీశారు. కాగితం పొడిగానే ఉంది. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. కమలాకరంగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు.

"విషయం: వాటర్ స్కూటరు వేగము పెంపు గురించి. ప్రస్తుతం పడవ గేట్ల వైపు పోవుచున్నది. సూపరింటెండెంటు పడవలో ఉన్నారు. కావున పూర్తి వేగమునకు అనుమతించవచ్చునా లేదా అను విషయమై తగు ఉత్తర్వుల నిమిత్తం డివిజనల్ మేనేజరుగారికి సమర్పించడమైనది."

నేను ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. చేతిరాత నాదే. చావు యాభై గజాల దూరంలో ఉండగా, నన్ను బతికించమని ఒక్క ముక్క రాయలేకపోయాను. పై అధికారికి సమర్పించుకున్నాను.

"దీనిపై నేను ఇంకనూ ఉత్తర్వులు ఇచ్చి ఉండలేదు" అన్నారు కమలాకరంగారు. "కాబట్టి అనుమతి లేనట్టే."

నూకరాజు నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అప్పుడు నాకు నా మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. అక్కడే ఒక తెల్లకాగితం లాక్కుని రాశాను. 'ఆ రోజు పూర్తి వేగంతో రమ్మని నూకరాజుకు నేను చెప్పాను. టోపీ రోజున అతనికి నేనిచ్చిన మెమో తప్పు. కాగితం రెండోవైపు చూడనిది నేను.'

కమలాకరంగారు దాన్ని చూసి కంగారుపడ్డారు. "ఏమిటిది రత్నంగారూ? ప్రతి వాక్యంలోనూ 'నేను' ఉన్నదేమిటి? చూడబడలేదు, చెప్పబడినది అని మార్చండి. బాధ్యత ఎవరి మీదా పడదు."

"పడనివ్వండి" అన్నాను.

పడింది. రిటైరు కావడానికి పదిహేను రోజుల ముందు నా సర్వీసులో మొదటి మెమో వచ్చింది. నూకరాజు మీద ఉన్న మెమో రద్దయింది. 'ఇతని మీద ఆరోపణలు లేవు' అని సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాను. ఇంజను ప్రొబేషన్ కూడా సంతృప్తికరంగా ముగిసినట్టు ప్రకటించారు. దానికి అభినందన పత్రం కూడా ఇచ్చారని తెలిసింది.

మార్చిలో ఒకరోజు నూకరాజు మా ఇంటికి వచ్చాడు. చేతిలో చేపల సంచీ, జేబులో పర్మనెంటు ఉత్తర్వు.

"మీరే సదవాలండి బాబూ. ఇంకెవులికీ సూపించనేదు."

చదివాను. జీతం, హోదా, పోస్టు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మడిచి ఇవ్వబోయి ఆగి, కాగితం తిప్పాను.

"ఏటుందండి ఎనకాల?"

"రెండేళ్ళు ప్రొబేషన్‌లో ఉంటావట."

నూకరాజు పగలబడి నవ్వాడు. "అయితే రెండేళ్ళు నాను పావేనన్నమాట!"

"ఊరికే పావులో ఉండిపోకు నూకరాజూ" అన్నాను. "మధ్యమధ్యలో పూర్తి ఇవ్వాలి. రెండో పేజీలో ఉంది."